మామ బొట్టు పెట్టిన సీడీలు

నాచారంలో మా పక్కింటి మామ పోయారు. ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతుంటే ఆయన భార్య, అత్తమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, మీ మామ లేడు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేను రెయిలింగు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వెనక వచ్చేవాళ్లు విసుక్కుంటూ పక్కనుంచి దిగిపోయారు. ఆయన నాకు చుట్టం కాదు, గోడ అవతలి మనిషి. కానీ కాపురానికి వచ్చిన కొత్తలో ఈ గల్లీలో నన్ను "కోడలుపిల్లా" అని పిలిచిన మొదటి గొంతు ఆయనదే.

ఆ గొంతు గురించే చెప్పాలి. మామ ఇక్కడి ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసేవారు. శనివారం సాయంత్రం మాత్రం మా గల్లీ భజన మండలికి ఆయనే పెద్ద. నాకు భక్తి అంతంత మాత్రమే. అయినా ఆయన పాట ఎత్తుకుంటే పొయ్యి మీద కూర మాడినా పట్టేది కాదు. ఆ భజనలన్నీ రికార్డు చేయించి, సీడీలు కొట్టించి, బిస్కెట్ డబ్బాలో దాచుకున్నారు.

తరవాత గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, పాట దక్కలేదు. మాట కూడా గుసగుసే మిగిలింది. ఇక సీడీలు పెట్టనిచ్చేవారు కాదు. ఎవరన్నా అడిగితే డబ్బా మూత బిగించేవారు.

వాటిని ఫైళ్లుగా మార్చమని నేను పోరుతూనే ఉండేదాన్ని.

"మారిస్తే ఏమైతది?" అనేవారు చిన్నగా.

"ఫోన్ల ఉంటది, పెన్ డ్రైవ్ల ఉంటది. ఎన్ని కాపీలు తీసినా అరగది మామా. ఒకటి పోతే ఇంకోటి."

"సైజు తగ్గిస్తరంట గద. బట్ట పిండినట్టు గొంతును పిండుతరా?"

"నేను పెద్ద ఫైలే చేస్త. ఏం తగ్గియ్య."

"మంచిగనే ఉంది. దసరాకు ఫోన్ల ఉన్న పాటకు బొట్టు ఏడ పెడ్తవ్, జెప్పు?"

నేను నవ్వేసేదాన్ని.

దసరాకు ఫ్యాక్టరీలో మిషన్లకు పూజ చేసినట్టే ఇంట్లోనూ చేసేవారు. చాప మీద కుట్టుమిషను, మిక్సీ, స్క్రూడ్రైవర్లు, వాటి పక్కన సీడీలు. "మిషను అన్నం పెట్టింది, పాట ఆకలి మరిపిచ్చింది. ఒకదానికి బొట్టు పెట్టి ఒకదానికి పెట్టకుంటే ఎట్ల?" అనేవారు. మెరిసే వైపు మాత్రం వేలు తగలనిచ్చేవారు కాదు. పాట అటే ఉంటుందని ఆయన నమ్మకం, నాదీ అదే. పేర్లు రాసిన వైపు పాత బొట్టును గోటితో గీకి, తడిబట్టతో తుడిచి, మళ్లీ పసుపు, కుంకుమ పెట్టేవారు. ఏటా అంతే.

దినాలు అయిపోయాక అత్తమ్మ ఆ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "మీ మామ పాత గొంతు ఒక్కసారి ఇనిపియ్ బిడ్డా. ఎంత జేసినా గా గుసగుసనే యాదికొస్తుంది, అసలు గొంతు యాదికొస్తలేదు" అంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే లేదు. ఆఫీసులో ఒకరిని అడిగి విడిగా తగిలించే డ్రైవ్ తెచ్చాను. మొదటి డిస్కు కాసేపు గరగరమని ఆగిపోయింది. రెండోదీ అంతే. ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూస్తే, బొట్టు పెట్టిన చోటల్లా వెలుగు ఇవతలికి వస్తోంది.

ఉప్పల్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపుకు పరుగెత్తాను. "మెరిసే దిక్కు ప్లాస్టిక్ మందం ఉంటది మేడం. పాట ఉండేది పేరు రాసే దిక్కు, సన్న పొర కింద. గీకుడుకు గా పొర లేచిపోయింది. ఇగ ఏం జేయలేం" అన్నాడు షాపతను. నాకు ఏడుపొచ్చింది. ఎవరిని తిట్టను? అంత ప్రేమగా చూసుకున్న మనిషినా? అత్తమ్మకు బొట్ల సంగతి చెప్పడానికి నోరు రాలేదు. పాతబడి పోయాయని మాత్రం చెప్పాను.

ఒకే ఒక్క డిస్కులో చివరి ముక్క మిగిలింది. పాట లేదు. పాట అయిపోయాక ఎవరో తాళాలు కింద పెట్టిన చప్పుడు, ఎవరిదో నవ్వు. దూరం నుంచి వయసులో ఉన్న అత్తమ్మ గొంతు: "చాయ్ సల్లారుతుంది, ఇగ రారాదు?" ఆ వెంటనే గది నిండా మామ: "ఆ, వస్తున్ననే, వస్తున్న."

ఆ కాస్తనే ఫైలు చేశాను. నా ఫోన్లో, పెన్ డ్రైవ్‌లో, ఇంకెక్కడెక్కడో పెట్టాను. అత్తమ్మ ఫోన్లోనూ వేసి, ఎక్కడ నొక్కాలో చూపించాను.

రోజూ పొద్దుగూకే వేళకు ఆమె అది పెట్టుకుంటుంది. వస్తున్న, అంటారు మామ. గోడ ఇవతల నాకూ వినిపిస్తుంది. ఆమె మళ్లీ నొక్కుతుంది.