కాన్పు తేదీకి ఒక్కటే గడి

ఇటు రా, చెవుల్లో అవి తీసేసి బుద్ధిగా కూర్చో. నేను చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యి, నీ తెలివి కలపకు. ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకి తమకంటే తెలిసినవాళ్ళు లోకంలో లేరనిపించేది. నాకైతే మరీనూ. పాతికేళ్ళదాన్ని, ఆస్ట్రేలియాలో, డార్విన్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో కొత్త ఉద్యోగం. గర్భిణుల వివరాలు ఎక్కించే ప్రోగ్రాం రాయమన్నారు. కాన్పు తేదీకి ఒక్కటే గడి పెట్టాను. కొత్త తేదీ కొడితే పాతది చెరిగిపోతుంది. ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్న పెద్ద మిడ్‌వైఫ్ ఉండేది. "లవ్, నెలసరి లెక్క ఒకటి, స్కాన్ లెక్క ఒకటి, చివరికి డాక్టర్ ఖాయం చేసింది ఒకటి. మూడూ ఉంచు. ఏది ఎలా వచ్చిందో పక్కన రాయించు" అంది. అక్కడ అందర్నీ "లవ్" అనే పిలుస్తారులే. "ఒక్క బిడ్డకి మూడు తేదీలెందుకండీ?" అన్నాను. మీటింగంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఆ ఏడాదే నాకు నెల తప్పింది.

"వెయిట్, దట్స్ డాడ్?"

మీ నాన్న కాక పక్కింటాయనటే? రాయి. నెలసరి లెక్కన మార్చి ఇరవై. స్కాన్ తీసి, డాక్టరమ్మ మార్చి ఆరు ఖాయం చేసింది. తర్వాత చెకప్‌లో కొత్త గుమాస్తా పాత కాగితం చూసి మళ్ళీ నెలసరి తేదీ ఎక్కించింది. అంతే, నా ప్రోగ్రాం ఆరుని తుడిచేసి ఇరవై చూపించింది. అడగొచ్చుగా? అడగలేదు. నేను రాసిన ప్రోగ్రాం తప్పు చెబుతుందా, డాక్టరమ్మే మార్చుంటుందిలే అనుకున్నాను (పొగరుకి మందు లేదు). మా అమ్మ ఫోన్‌లో ఒకటే పోరు. "తొలిచూలే, నెల ముందే వచ్చి కూర్చుంటానే." "వీసా మూడు నెలలేనమ్మా, ముందొచ్చి ఏం చేస్తావ్? పుట్టాక ఎక్కువ రోజులుందువు" అని నేనే టికెట్టు పన్నెండుకి జరిపించాను.

ఐదో తారీకున నొప్పులొచ్చాయి. మీ తాతయ్య వరండాలో కళ్ళు తిరిగి పడితే ఆయనకో మంచం వేశారు. "అమ్మా" అని అరిచినప్పుడల్లా నా చెయ్యి పట్టుకున్నది ఆ మిడ్‌వైఫే. ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండును.

వారానికి అమ్మ దిగింది. సంచీ నిండా కాయం, శొంఠిపొడి, పాత చీరల పొత్తిగుడ్డలు. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, "నువ్వు నొప్పులు పడుతుంటే నేనక్కడ వడియాలు పెడుతున్నానే" అంది. మీ అత్త పుట్టేనాటికి మా అమ్మే లేదు.

తర్వాత మూడు గడులూ వచ్చాయనుకో. పై నుంచి పద్ధతులు రాసి పంపారు, ఏ తేదీ ఏ లెక్కదో చెప్పి తీరాలని. మా పెద్దసారు అది తన ఆలోచనేనని కేకు కోయించాడు. ఆ మిడ్‌వైఫ్‌కి ముక్క కూడా పంపలేదు. నేనూ తిన్నాను ఆ కేకు, సిగ్గులేకుండా. ఇప్పుడు ఆ పాతికేళ్ళ పిల్ల గుర్తొస్తే తిట్టబోయి నవ్వేస్తాను, పాపం, ఎంత నిటారుగా కూర్చునేదో కుర్చీలో. ఆ మిడ్‌వైఫ్ రిటైరయ్యే రోజున క్షమాపణ చెబుదామని వెళ్ళానే, వెళితే ఆవిడ నన్ను చూసి...

"అత్తయ్యా, వడ్డించేశాను, చల్లారిపోతోంది!"

వస్తున్నానమ్మా. మీ అమ్మకి అన్నిటికీ తొందరే. ఎక్కడున్నాం, ఆ, నన్ను చూసి, "లవ్, ఆ పిల్లాడు ఎలా..."

"అత్తయ్యా!"