లిఫ్టు దగ్గర జారిన చెప్పు

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది పంజాగుట్టలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ టెక్నాలజిస్టుగా చేరాను. ఎక్కడ, ఎంత ఇవ్వాలో నిర్ణయించేది డాక్టరు, లెక్క కట్టేది ఫిజిసిస్టు, రోగిని బల్లమీద సరిగ్గా పడుకోబెట్టి మెషీన్ నడిపేది మేము. మందపాటి తలుపు మూసుకున్నాక లోపల రోగి ఒక్కరే, ఇవతల తెర ముందు నేను. మధ్యలో కెమెరా, మైకు. సాయంత్రం అమీర్‌పేట హాస్టల్‌కి వెళితే పుస్తకమూ డైరీయే తప్ప మాట్లాడే పని ఉండేది కాదు. మాటలు తక్కువదాన్ని కాబట్టి ఆ ఉద్యోగం నాకు సరిపోయిందనుకునేదాన్ని.

నర్సింగరావు గారు ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన మనిషి. ఎర్రమంజిల్ నుంచి ఆటోలో ఒక్కరే వచ్చేవారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఈ దశలో జబ్బును పూర్తిగా తీసేయడం కుదరదు. హార్మోన్ ఇంజెక్షన్లతో అదుపులో పెడతారు, ఎముకల బలానికి మందు ఇస్తారు, నొప్పి ఉన్న చోట కొద్ది రోజులు రేడియేషన్ ఇస్తారు. ఆయనకు తుంటి మీద ఇస్తున్నాం. తలుపు మూసుకోగానే రోజూ ఒకటే ప్రశ్న: "బిడ్డా, ఉన్నవా ఆడ?"

"ఉన్నానండీ, కదలకండి."

కండక్టర్ లేని బస్సు నడిపినట్టుంటది లోపల, అన్నారొకసారి.

మేము రోజూ అడగవలసింది నొప్పి గురించి. చికిత్స ముగియవస్తుండగా ఒక ఉదయం, "మస్తు తగ్గింది బిడ్డా. కాళ్లు సుత తేలికైనయ్" అన్నారు. చెప్పులు తలుపు పక్కన విప్పి రావాలన్నది మా నియమం. ఆ రోజు అక్కడ ఒక్క చెప్పే ఉంది. రెండోది ఏదని అడిగితే ఆయనా కిందికి చూసుకున్నారు. అది లిఫ్టు దగ్గర పడి ఉంది. జారిన సంగతి ఆయన పాదానికి తెలియలేదు.

పడుకోబెట్టి, పెన్నుతో అరికాలు తాకాను. "ముట్టినవా?" అన్నారు.

తర్వాత అడగవలసిన ప్రశ్న నాకు తెలుసు. బయటికి వెళ్లి మైకులో అడుగుదామా అనిపించింది. చివరికి పక్కనే నిలబడి, మూత్రం సరిగ్గా వస్తోందా అని అడిగాను.

ఆయన పైకప్పు వైపు చూశారు. "నిన్నటి సంది కష్టమైతుంది. ఆడపిల్లవు, నీకెట్ల చెప్పాలె?"

వెన్నెముకకు పాకిన గడ్డ నరాలను నొక్కితే ఇలాగే మొదలవుతుంది. ఆలస్యమైతే నడక పోతుంది, మళ్లీ రాదు. మెషీన్ నడపకుండా డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"ఏంటమ్మా, మెషీన్ ఆగిందా?" అన్నారావిడ. విషయం వినగానే దిగి వచ్చారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, స్ట్రెచర్ మీదే ఎమ్మారైకి పంపారు. అనుమానం నిజమైంది. ఆపరేషన్‌కు ఒళ్లు తట్టుకోదని సర్జన్ తేల్చడంతో ఆ సాయంత్రమే వెన్ను మీద రేడియేషన్ మొదలుపెట్టాం. తలుపు మూశాక, ఉన్నానని ఈసారి నేనే ముందు చెప్పాను.

"అయితే రైట్ చెప్పు, పోదాం."

"రైట్," అన్నాను.

ఆ చికిత్స ముగిశాక ఆయన వాకర్ పట్టుకుని నడిచారు. మునుపటి నడక మాత్రం తిరిగి రాలేదు. చెకప్‌లకు వస్తూ ఉండి, కొన్ని నెలలకు రావడం మానేశారు. ఎందుకో మా విభాగానికి ఎవరూ చెప్పరు. తర్వాత కొన్నాళ్లకు నేనూ ఆ ఉద్యోగం వదిలేశాను.

నొప్పి తగ్గిందన్న మాట ఒక్కటే చాలదు. జబ్బు ఎముకలకు పాకిన మనిషిని కాళ్ల బలం, స్పర్శ, మూత్రం గురించి కూడా రోజూ అడగాలి. తలుపు మూయకముందే, పక్కన నిలబడి అడగాలి.