జంగయ్య డ్రమ్ములో ఎర్రమడ్డి

కార్ఖానా అనే పేటలో ఒక కాలనీ ప్రహరీగోడకు ఆనుకుని జంగయ్య టీ బండి ఉంది. ఇరవై ఆరేళ్లుగా అక్కడే. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మల్కాజ్‌గిరి నుంచి మొదటి బస్సులో దిగి, స్టవ్ వెలిగించకముందే గుక్కెడు పచ్చినీళ్లు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, పుక్కిలించి ఉమ్మేస్తాడు.

"నీళ్లు మంచిగుంటే టీ దానంతటదే అయితది సార్. ఆకు, పాలు ఎనకొచ్చే చుట్టాలు."

దేశమంతా తిరిగి రకరకాల నీళ్లు తాగినవాణ్ణి, ఆ మాటకు అక్కడే పడిపోయాను!

ఆ నీళ్లు కాలనీ పాత బోరువి. ఇళ్లలో తాగేది మునిసిపల్ నీళ్లు. బోరు నీళ్లు మొక్కలకూ, కార్లు కడగడానికీ. గోడ కింద నుంచి ఒక పైపు మాత్రం జంగయ్యకు ఇచ్చారు. అంటే ఆ నీళ్లను జనంచేత తాగించేది అతనొక్కడే. రోజుకు మూడు నాలుగు వందల గ్లాసులు!

మొన్న దసరా వెళ్లిన మూడు వారాలకు డికాక్షన్ సిరాలా నల్లబడింది. జంగయ్య గిన్నెడు టీ మోరీలో పారబోశాడు. పైపులోంచి తేటగా వచ్చే నీళ్లు బకెట్‌లో గంటసేపు ఉంటే ఎర్రబడుతున్నాయి. ఎవరూ చెప్పకుండానే అతను ముందురోజు సాయంత్రం డ్రమ్ము నింపి, చెంబుతో ఎత్తిపోస్తూ బాగా కలియబెట్టి, తెల్లారి పైన తేరిన నీళ్లను నాలుగు మడతల ధోవతిలో వడగట్టుకోవడం మొదలుపెట్టాడు. టీ మళ్లీ బంగారు రంగు! డ్రమ్ము అడుగున ఎర్రటి మడ్డి.

ఆ మడ్డిని చూసి ఊర్మిళ గ్లాసు కింద పెట్టేసింది. బేగంపేటలో నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం ఆమెది. రోజూ ఇక్కడే టీ తాగుతుంది.

"జంగన్నా, ఇది తుప్పు. ఇనుముకు నేను భయపడను. దాంతోపాటు ఇంకేమొచ్చిందో చూడాలె."

"ఇంకేమొస్తదమ్మా?"

"ఆర్సెనిక్ రావచ్చు. విషం. రంగుండదు, రుచుండదు."

నోటితో నీళ్లను తూచే మనిషితో రుచుండదంటే ఎట్లా ఉంటుంది! జంగయ్య అప్పటికప్పుడే స్టవ్ ఆపేశాడు. "ఇన్నొద్దులు జనానికి విషం పోసిన్నా నేను?" మూడు రోజులు అదే ప్రశ్న. ఊర్మిళ రెండు సీసాలు పట్టుకెళ్లింది. ఒకటి నేరుగా పైపు నుంచి, రెండోది డ్రమ్ములో పైనీళ్లు.

నాకు తెలిసింది జంగయ్యకు చెప్పాను. ఎర్రమట్టి ఎరుపంతా తుప్పే. మట్టిలో రవ్వంత ఉండే ఆర్సెనిక్‌ను ఆ తుప్పు ఒంటికి అంటించుకుని కదలనివ్వదు, వేల ఏళ్లైనా సరే! కానీ మట్టి నీళ్లలో మునిగి, గాలి ఆడక, కుళ్లేదేదో తోడైందా, అందులోని సూక్ష్మజీవులు ఊపిరికి గాలి దొరక్క తుప్పునే వాడుకుంటాయి. తుప్పు కరుగుతుంది, పట్టు సడలుతుంది. బెంగాల్‌లో ఎరుపు రంగు పూసిన చేతిపంపులు చూశాను, తాగొద్దని గుర్తు. అక్కడిది ఒండ్రునేల, అయినా కథ ఇదే.

"మరి ఈడ కుళ్లేదేమున్నది?" అన్నాడు జంగయ్య.

అతని భార్య అనసూయమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "బతుకమ్మ పూలు!"

చెరువు పాడవుతుందని ఈసారి కాలనీ ఆడవాళ్లంతా తొమ్మిది రోజుల బతుకమ్మలనూ బోరు పక్కనున్న ఇంకుడుగుంతలోనే వేశారు. ఆ ఆలోచన కాలనీ సంఘం అధ్యక్షుడు సుబ్బరాజుది. శాలువా కూడా కప్పించుకున్నాడు. వాళ్లతో కలిసి ఆడిన అనసూయమ్మ బతుకమ్మా అందులోనే ఉంది.

"పూలేస్తే విషం వస్తుందటయ్యా? మేం చెరువును కాపాడాం!" సుబ్బరాజు మండిపడ్డాడు.

"కాపాడిన్రు రాజుగారూ, ఎవరు కాదన్నరు? జెర మూత తియ్యిన్రి, చూద్దాం," అన్నాడు జంగయ్య.

తీస్తే గుప్పుమంది! సుబ్బరాజు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. లోపలికి దిగొద్దని ఊర్మిళ కేకేసింది. జంగయ్య పొడవాటి పారతో పైనుంచే నల్లని గుజ్జును లాగి, పక్కమట్టి పెళ్లగించాడు. అది ఎర్రమట్టి కాదు, నీలిబూడిద రంగు! సాయంత్రానికి ఆ పెళ్లల అంచులు మళ్లీ ఎర్రబడ్డాయి, మా కళ్లముందే!

నాలుగోరోజు ఊర్మిళ కాగితాలతో వచ్చింది.

"పైపు నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు ముప్పై నాలుగు మైక్రోగ్రాములు. పది దాటకూడదు."

జంగయ్య పైపు మూతిలో గుడ్డ కుక్కాడు.

"డ్రమ్ము నీళ్లు ఆరు."

"మళ్ల చెప్పు బిడ్డా!"

"ఆరు! నువ్వు కలియబెడితే గాలి తగిలి ఇనుము మళ్లా తుప్పయింది. వదిలిన ఆర్సెనిక్‌ను మళ్లా పట్టుకుని అడుగుకు దిగింది. విషం మడ్డిలో ఉంది జంగన్నా, టీలో కాదు. కానీ ప్రతిసారీ ఇట్లనే అయితదని నమ్మకం లేదు. ఈ బోరు బంద్."

మడ్డిని మూత డబ్బాలో ఆమే తీసుకెళ్లింది. జంగయ్య నడిరోడ్డుమీద గంతేశాడు!

మర్నాడు మునిసిపల్ నీళ్లతో బండి తెరుచుకుంది. రెండు కాగితాలనూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బండికి కట్టాడు.

"ఆ ముప్పై నాలుగెందుకు?" అంది అనసూయమ్మ. "ఆరున్నది ఒక్కటి పెట్టరాదు? గిరాకీ పోతది."

"పోతే పోనీ. రెండూ నేను తోడిన నీళ్లే."

సుబ్బరాజు వచ్చి రెండింటినీ నిలబడి చదివాడు. "టీ ఒకటియ్యి జంగయ్యా," అన్నాడు. తాగి గ్లాసు పెట్టాడు. "ఆ ముప్పై నాలుగు కాగితం నకలొకటి కావాలయ్యా. గుంత మూతమీద అంటిస్తా. కింద నా పేరు రాస్తా."