లెన్స్ లేదన్న కెమెరా

స్టూడియోలో అందరికీ ఆవిడ వదినే. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొన్నది మరిది. దానికి ఆవిడ బిగించేవి మాత్రం రీలు కెమెరాల కాలం నాటి తన లెన్సులు. రెంటినీ కలపడానికి మధ్యలో చిన్న అడాప్టర్ రింగు. ఆ లెన్సుల్లో ఎలక్ట్రానిక్స్ లేవు కాబట్టి, బిగించినా కెమెరాకి అవి ఉన్నట్టే తెలీదు. టక్కుమని పట్టుకున్నాక కూడా నమ్మదు, ఓసారి లాగి చూస్తుంది. ఫోకస్ చేత్తోనే. చిటికెన వేలు గాల్లో నిలబడుతుంది, పెదవి పళ్ల కిందికి పోతుంది, ఎదుట కూర్చున్నవాళ్లు కూడా ఊపిరి బిగబడతారు. మొన్న ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి మీట నొక్కితే ఫొటో పడలేదు. సెట్టింగులన్నీ మరిది ముందురోజు మార్చేశాడు. తెర చూసి అతను పగలబడి నవ్వాడు. "చూడొదినా, లెన్సే లేదంటోంది! ఇంకా ఎందుకీ గాజుముక్కలు, పాత సామాన్లవాడికి పడెయ్." ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, మెనూలో వెతికి, లెన్స్ లేకపోయినా ఫొటో తియ్యమనే సెట్టింగు ఆన్ చేసింది. "ఆ గోడ మీది ఫొటోలో చిన్నప్పుడు ముక్కు చీదుకుంటూ నించున్నావే, అది తీసింది ఈ గాజుముక్కే. కెమెరా లెన్స్ లేదందని మానెయ్యడానికి, నేనేమన్నా దాన్నడిగి బిగించానట్రా?" అంటూనే ఫోకస్ రింగు వెంట్రుకవాసి తిప్పి, మీట నొక్కింది.