చిరుత నోట్లో పిల్ల

ఆ ఫోటో మా హాల్లో, తలుపు పక్కన ఉండేది. మచ్చల జంతువు ఒకటి గడ్డిలో నడుస్తుంటుంది. దాని నోట్లో పిల్ల వేలాడుతుంటుంది. మొదటి లాక్‌డౌన్‌కు కొద్దిగా ముందు మా ఆయన కెన్యాలో తీసిన ఫోటో అది. ఆయన జర్మనీలో, వోల్ఫ్స్‌బర్గ్‌లోని కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. సెలవు దొరికితే ఆఫ్రికా వెళ్లి సింహాలను, చీతాలను, హైనాలను పిల్లలతో ఉండగా ఫోటోలు తీసేవారు. ఫ్రేమ్ కట్టించి తెచ్చిన రోజు ఇదేమిటని అడిగాను.

“చిరుత పిల్లను నోట కర్సుకొని పోతుంది,” అన్నారు.

తల్లి ఎంత మెల్లగా పట్టుకుందో అన్నాను. ఆయన ఫోటో వైపు చూసి “ఊఁ” అన్నారు.

ఆ ఏడాది శీతాకాలం మొదట్లో ఆయన కరోనాతో ఆసుపత్రిలో పోయారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను.

జనవరిలో బడులు మూసి ఉన్నాయి. మూడో తరగతి చదివే మా అమ్మాయి వీడియో క్లాసులో ఒక జంతువు గురించి చెప్పాలి. గెపార్డ్‌ను ఎంచుకుంది, అంటే చీతా. నాన్న తీసిన ఫోటో చూపిస్తానంది. ఆయన పోయాక ఆయన గురించి అది నోరు తెరవడం అదే మొదలు. ఫ్రేమ్‌ను వంటింటి బల్ల మీద పెట్టి, పక్కన లైబ్రరీ పుస్తకం తెరుచుకుని చాలాసేపు చూసింది.

“అమ్మా, దస్ ఇస్ట్ కైన్ గెపార్డ్.”

“గెపార్డ్ కాకపోతే ఏంది మరి?”

లెయోపార్ట్ అంది, అంటే చిరుత. గెపార్డ్‌కు కంటి నుంచి నోటి దాకా నల్ల గీత ఉంటుందని, దీనికి లేదని జర్మన్‌లో వివరించింది. తర్వాత పిల్ల మీద వేలు పెట్టి, తెలుగులో, “దీనికి ఉంది,” అంది. నోట్లో ఉన్నది చీతా పిల్ల.

మా ఇంట్లో మచ్చలున్న ప్రతిదీ చిరుతే. పేపర్లో చీతా అని రాసినా నోటికి వచ్చేది చిరుత. ఆయన మాత్రం సరిగ్గానే చెప్పారు. చిరుత, పిల్లను. ‘తన పిల్లను’ అనలేదు. ఆ ‘తన’ నేను చేర్చుకున్నది.

ఆయన హార్డ్ డిస్క్ తెరిచాను. ముందు నేను చూస్తానంటే అమ్మాయి వినలేదు, కుర్చీ వెనక నిలబడింది.

మొదటి ఫోటోల్లో చీతా తల్లి, నాలుగు పిల్లలు. జింక కడుపు చీల్చి తింటున్నాయి, పిల్లల మూతులన్నీ నెత్తురు. తర్వాత పొదలోంచి చిరుత. తర్వాత దుమ్ము. దుమ్ము తగ్గాక ఒక పిల్ల నడుము విరిగి, ముందు కాళ్లతో పాకుతోంది. ఇంకొకటి చిరుత నోట్లో, నోరు తెరుచుకుని ఉంది. తల్లి చిరుత మీదికి దూకింది. చిరుత నోట్లోని పిల్లను వదలకుండానే పంజా విసిరింది. తల్లి భుజం మీద తోలు లేచి వేలాడింది. మా హాల్లో ఉన్న ఫోటో ఆ తర్వాతది. దాని వెనకవి చిరుత చెట్టెక్కాక తీసినవి. కొమ్మ మీద చిరుత ఆ పిల్ల పొట్ట తెరిచి తింటోంది. కింద తల్లి నేల వాసన చూస్తోంది. పాకిన పిల్ల ఇక కదలడం లేదు.

కెన్యాలో ఆయనతో జీపులో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాను. ఆయనతో పాటే పనిచేసేవాడు.

“అన్న మీకు చెప్పలేదా వదినా? గోడకు పెట్టిండు గదా, తెలుసనుకున్న.”

“చెప్పిండు. నేనే వేరే తీరు విన్న.”

“‘ఇగ చాలు, ఆపన్నా’ అని నేనన్న. ఇంటే గదా. కెమెరా పట్టుకుంటే పెండ్లాం పేరు గూడ మర్శిపోతవ్ అని నవ్వులాటకు అన్న ముందురోజే. ఆ రోజు మాత్రం తీసుడు అయినంక కెమెరా నా చేతుల పెట్టి మళ్ల ముట్టలే.”

వేరే ఫోటో చూపిద్దామని అమ్మాయితో అన్నాను. సింహం పిల్లలు ఆడుకుంటున్నవి చాలా ఉన్నాయి. నాన్న గుర్తొస్తే దానికి ఆ నెత్తురు గుర్తు రాకూడదని నా భయం. అది “నైన్” అంది, వద్దని. మళ్లీ అడిగినా అదే మాట.

మర్నాడు క్లాసులో ఫ్రేమ్‌ను కెమెరా ముందు పట్టుకుంది. గెపార్డ్ పిల్లల్లో ఎక్కువ శాతం పెద్దవి కావని, సింహాలో హైనాలో చిరుతలో చంపుతాయని చెప్పింది. ఇది మా నాన్న తీశాడు అంది. టీచర్ గొంతు సవరించుకుంది. ఒక అమ్మాయి చెయ్యెత్తి, మీ నాన్న దానికి ఎందుకు సాయం చేయలేదని అడిగింది.

నేను స్టవ్ దగ్గర ఉన్నాను. మా అమ్మాయి నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

“అక్కడ బండి దిగకూడదు,” అని జర్మన్‌లో జవాబిచ్చింది.

తన వంతు అయ్యాక మైకు ఆపి నా దగ్గరికి వచ్చింది.

“ఫోటో తీసేటప్పుడు నాన్న కండ్లు మూసుకున్నడా?”

“మూసుకుంటే తీయరాదు బిడ్డా.”

“అంటే మొత్తం చూసిండు.”

“చూసిండు.”

తలూపి, తర్వాతి పిల్లవాడు కుందేలు గురించి చెప్పేది వినడానికి వెళ్లి కూర్చుంది.