భిక్షపతి నడిపించిన దారి

నార్కట్‌పల్లికి దగ్గర్లోని ఊళ్లో భిక్షపతి తాతల కాలం నుంచి మగ్గం నేసిన ఇంటివాడు. చీరలు అమ్ముడుపోక మగ్గం విప్పేసి, నలభై ఏళ్ల వయసులో స్లాబుల కింద చెక్కలు కొట్టే సెంట్రింగ్ పని పట్టాడు. నేర్పింది పక్క వాడకట్టులో ఉండే కరీం మేస్త్రి. వయసులో చిన్నవాడే. నోరారా అన్నా అని పిలుస్తూనే, మేకు వంకర పోతే మాత్రం నలుగురిలోనే కసురుకునేవాడు.

2018 ఎండాకాలంలో అండమాన్ దిక్కున ఒక మారుమూల దీవిలో లైట్‌హౌస్ మరమ్మతు ఉందంటే ఇద్దరూ పోయారు. లైట్‌హౌస్ దీవికి ఈ కొసన, జెట్టీ, దవాఖాన ఆ కొసన. నడుమ అంతా అడవే, రోడ్డు లేదు. బియ్యమైనా మనుషులైనా పడవ మీదే రావాలి. వానలు మొదలై సముద్రం పొంగేసరికి పది రోజులు పడవ రాలేదు. సరిగ్గా అప్పుడే కరీంను చలిజరం పట్టుకుంది. జరం గోళీలు అయిపోయాయి.

"ఒడ్డు పట్టుకొని నడుద్దాం. నాలుగు రోజుల్ల దవాఖానకు పడతం," అన్నాడు భిక్షపతి.

"జర ఆగుదమన్నా. పడవ ఇయ్యాలో రేపో వస్తది. నా కాళ్లల్ల బలం లేదు."

"ఈడ పండుకుంటే సస్తవ్. లే!"

భిక్షపతే రెక్క పట్టి లేపాడు.

మొదటి రోజు ఇసుక గట్టిగా ఉంది, నడక సాగింది. "మన చెరువుకట్ట గింత పొడుగుంటే ఎట్లుండునే," అని కరీం నవ్వాడు కూడా. రెండో రోజు రాళ్ల గుట్టలు అడ్డం వచ్చాయి. నీళ్లు ఒడ్డెక్కినప్పుడల్లా అడవిలోకి ఎక్కాలి. మోకాలెత్తు వేర్లు, పిక్కలకు జలగలు. వాగు సముద్రంలో కలిసే చోట నీళ్లు తగ్గేదాకా బురదలో కూర్చున్నారు. లేచేసరికి కరీం నిలబడలేకపోయాడు. అక్కడి నుంచి భిక్షపతి వీపు మీదే మోశాడు. కాలిపోతున్న ఆ ఒళ్లు అంగీలోంచి తగులుతుంటే ఆగకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ నడిచాడు.

మూడో రోజు పొద్దెక్కాక ఒక చెట్టు కింద దించాడు.

"అతియాకు బడి మొదలైనట్టుందన్నా," అన్నాడు కరీం. అతియా అతని బిడ్డ. అదే ఆఖరి మాట.

కరీం సంచిలోని తాపీతోనే భిక్షపతి గుంత తవ్వాడు. నమాజుకు కరీం ఎటు తిరిగి నిలబడేవాడో తెలుసు. ముఖం అటే తిప్పి పడుకోబెట్టాడు. చదవాల్సిన మాటలు తనకు రావు. "తప్పయితే మన్నించు తమ్మీ," అని మట్టి కప్పి రాళ్లు పేరుస్తుంటే, దూరంగా సముద్రం మీద పడవ కనిపించింది. లైట్‌హౌస్ దిక్కే పోతోంది. అంగీ విప్పి ఊపాడు, గొంతు పోయేలా అరిచాడు. పడవ వాళ్లు చూడలేదు.

మర్నాడు ఒక్కడే జెట్టీ చేరాడు. పోలీసులు కాగితాలు రాసుకొని, సమాధి అక్కడే ఉండనిమ్మన్నారు.

ఊరికి వచ్చాక కరీం భార్య జీనత్ ఒకటే అడిగింది. "జరంతోని గంత దూరం ఎట్ల నడిసిండన్నా?"

భిక్షపతి తల వంచుకొని, "మీ మీద పావురంతోని," అన్నాడు.

జీనత్ ఆ ప్రేమ మాటను గుండెకు హత్తుకుంది. వచ్చినవాళ్లందరికీ, మా కోసమే నడిసిండంట, ఇంటికొద్దామనే నడిసిండంట అని చెప్పుకునేది. ఆ మాట వాడకట్టులో విన్నప్పుడల్లా భిక్షపతి ఇంకో సందులోకి మళ్లేవాడు. మూడు నెలలు ఓర్చుకొని, ఒక పొద్దున పోయి గడపలో నిలబడ్డాడు.

"చెల్లె, కరీం ఆగుదమన్నడు. నేనే లేపి నడిపించిన. పాణం పోయిన పొద్దే పడవ వచ్చింది. ఆడ్నే ఉంటే బతికేటోడేమో."

జీనత్ కుట్టుమిషన్ ఆపింది.

"గదొక్క మాటన్న నాకు ఉంచకపోతివి అన్నా," అంది.

తిట్టలేదు, పొమ్మని కూడా అనలేదు. భిక్షపతి తనే చెప్పులేసుకొని వచ్చేశాడు.

ఇప్పటికీ అతను అదే ఊళ్లో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. దారిలో ఎదురైతే జీనత్ పక్కకు జరిగి తోవ ఇస్తుంది. అన్నా అని మాత్రం మళ్లీ పిలవలేదు.