ఫిల్టర్ దాటిన సీసం

2023 సెప్టెంబరు. ప్రసూతి సెలవు ముగించుకొని అమెరికాలో హెర్న్‌డన్‌లోని మా మట్టి పరీక్షల ల్యాబ్‌కి తిరిగి వెళ్లాను. ద్రవాలు కొలిచే నా పిపెట్ల మీద అంజలి అని లేబుళ్లు అతికించి ఉన్నాయి.

పాత ఇళ్ల గోడల రంగు రాలి పెరటి మట్టిలో సీసం చేరుతుంది. ఆ మట్టికి ఇనుప నానోపార్టికల్స్, అంటే మామూలు మైక్రోస్కోప్‌కి కూడా అందని రేణువులు, కలిపితే సీసాన్ని పట్టి ఉంచుతాయా అన్నది మా ప్రాజెక్టు. మొదలుపెట్టింది నేను. నేను లేని ఐదు నెలలూ నడిపింది అంజలి. షికాగో దగ్గరి షామ్‌బర్గ్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, ఇరవై నాలుగేళ్లు. పరిచయమైన రోజే నన్ను ఆంటీ అంది. నాకు ముప్పై ఒకటి. అక్కా అని పిలవమని నవ్వుతూనే చెప్పాను.

మదర్స్ రూమ్‌లో పాలు తీసే పంప్ పెట్టుకొని కూర్చుంటే గోడ అవతల డైరెక్టర్ ఆమె గ్రాఫులను మెచ్చుకోవడం వినిపించేది. పాప డేకేర్ నుంచి ఫోన్ వస్తుందేమోనని ఒక చెవి, ఆమెను ఇంకేం పొగుడుతారోనని ఇంకో చెవి.

అక్టోబరులో కొత్త పెరళ్ల మట్టి వచ్చింది. ఒక సోమవారం దాని ఫలితాలు తలకిందులయ్యాయి. రేణువులు కలిపిన మట్టి నుంచే నీళ్లలోకి ఎక్కువ సీసం వస్తోంది. శుక్రవారం ప్రాజెక్టు రివ్యూ. ప్రాజెక్టు ఆపేస్తే అంజలి కాంట్రాక్టు కూడా అక్కడితో సరి.

"అక్కా, త్రీ టైమ్స్ చేశాను. సేమ్ నంబర్స్."

"మెథడ్ ప్రకారమే చేశావా?"

"మీరు రాసిందే. స్టెప్ బై స్టెప్."

మట్టిని నీళ్లలో కలిపి, ఆ నీటిని 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, యాసిడ్ వేసి సీసం కొలిచే మెషీన్‌కి ఇస్తాం. ఫిల్టర్ దాటిందంతా నీటిలో కరిగినట్టే లెక్క. అది మా రంగంలో పాత ఆనవాయితీ. కానీ నానోపార్టికల్స్ ఆ రంధ్రాల్లోంచి సులువుగా జారిపోతాయి, పట్టుకున్న సీసంతో సహా. అంతకుముందు వచ్చిన బంకమట్టిలో అవి చిక్కుకుపోతాయి కాబట్టి తేడా తెలియదు. కొత్త మట్టిలో ఇసుక ఎక్కువ, అందులో ఆగవు.

ఈ సంగతి నాకు తెలుసు. సెలవుకు ముందు దీని మీదే ఒక నెల పోగొట్టుకున్నాను. ఆమెకు పని అప్పగించేటప్పుడు ఫ్రిజ్ తాళం ఎక్కడుంటుందో కూడా చెప్పాను, ఇది తప్ప. మర్చిపోయానని ఎవరితోనైనా అనొచ్చు. మర్చిపోలేదు.

మంగళవారం, బుధవారం ఏమీ అనలేదు. ఆమె ముఖం వాడిపోతుంటే నాకు మధ్యాహ్నం అన్నం రుచిగా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

గురువారం అంజలి నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ ఇసుక మట్టి ఇచ్చిన ఇంటావిడ మళ్లీ ఫోన్ చేసిందట.

"వాళ్ల బేబీ ఇప్పుడే పాకుతోంది. మట్టి నోట్లో పెట్టుకుంటోంది అంటున్నారు. ఆవిడకి ఏం చెప్పాలి అక్కా?"

మా పాప కూడా ఆ వారమే పాకడం మొదలుపెట్టింది.

లేచి అలమరాలోంచి ఇంకా సన్నటి రంధ్రాలున్న వడపోత పొరలు, మెంబ్రేన్లు తీసి ఆ నీటిని మళ్లీ వడకట్టాను. సాయంత్రానికి నంబర్లు వచ్చాయి. కరిగిన సీసం దాదాపు లేదు. కానీ సీసం రేణువులతో పాటు కదిలిపోతోంది. అంటే పద్ధతి విఫలం కాలేదు, పెరట్లో చల్లేందుకు సిద్ధంగానూ లేదు. పాపను ఆ మట్టికి దూరంగా ఉంచమనీ, నేలను కప్పించమనీ ఆవిడకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

అంజలి మెంబ్రేన్ ప్యాకెట్ తిప్పి చూసింది. దాని మీద నా చేతిరాత, మార్చి నెల తేదీ.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఓకే, గ్రేస్," అని నా పేరు పెట్టి అంది.

ఆ తర్వాత ఎప్పుడూ అక్కా అనలేదు.

ప్రాజెక్టు ఆగలేదు. మెథడ్‌లో ఇప్పుడు ఆ స్టెప్ ఉంది, కింద మా ఇద్దరి పేర్లు. ముందు ఆమెది. చూసినప్పుడల్లా ఇప్పటికీ కొంచెం మండుతుంది. అయినా ఆ వారం తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను: ల్యాబ్ బెంచ్ దగ్గర తెలిసింది కాగితం మీద పెట్టకుండా డేకేర్ నుంచి పాపను తీసుకురావడానికి బయల్దేరను.